ఆదోనిలో మా తాత నడిపిన సినిమా హాలు: ఏం చేయాలి, ఏం దాచుకోవాలి?

ఆదోని మనవరాలు:

అందరికీ నమస్కారం. మాది ఆదోని. మా తాత, ఆయన తమ్ముడు కలిసి కట్టించిన సినిమా హాలు ఇప్పటికీ మా కుటుంబం చేతిలోనే ఉంది. ఇంట్లో ఇంకా మాటలు నడుస్తున్నాయి కాబట్టి పేరు రాయడం లేదు. 2020 మార్చిలో లాక్‌డౌన్‌కు మూసిన గేటు మళ్లీ తెరవలేదు. నేల, బెంచి, కుర్చీ, బాల్కనీ అన్నీ కలిపి ఎనిమిది వందల మంది పడతారు. రాతి గోడలు, ఇనుప దూలాల మీద సిమెంటు రేకులు, ముందు పెద్ద ఖాళీ జాగా.

ఇంట్లో తలా ఒక మాట అంటున్నారు. చిన్నాయన పత్తి గోడౌనుకు బాడుగకిద్దాం అంటాడు. సీజన్‌లో యార్డుకు వచ్చే సరుకు పెట్టుకోడానికి జాగా దొరక్క వ్యాపారులు అడుగుతున్న మాట నిజమే. నాన్న కల్యాణ మండపం చేద్దామంటాడు. అన్న పడగొట్టి షాపులు కడదామంటాడు. నాకు మాత్రం అది సినిమా హాలుగానే, చిన్నదై అయినా సరే, నడవాలని ఉంది. అయితే ఇంట్లో కూర్చొని వాదించడానికి నా దగ్గర లెక్కలు లేవు.

పోయిన వారం ఆపరేటర్ క్యాబిన్ తాళం తీయించినాం. రెండు ప్రొజెక్టర్లు, తుప్పు పట్టిన రేకు డబ్బాలు కొన్ని, ఒక చెక్క పెట్టె నిండా అరచేయంత గాజు పలకలు ఉన్నాయి. ఒక పలకను కిటికీ వెలుతురుకు పెట్టి చూసినాను. ‘దీపావళికి కొత్త రకం పట్టుచీరలు’ అని చేత్తో రాసిన ఎర్ర అక్షరాలు, కింద మా బజారులో ఇప్పుడు లేని ఒక బట్టల అంగడి పేరు. డబ్బా మూత తీస్తే ముక్కు పగిలే పులుపు వాసన. పాత సామాన్లాయన వచ్చి అన్నీ కలిపి తూకం మీద తీసుకుంటానంటున్నాడు.

మీ ఊళ్లలో పాత హాళ్లు ఏమైనాయి? ఏది నిలబడింది, ఏది నిలబడలేదు? మా హాలు ఎప్పుడు కట్టినారో ఇంట్లో ఒక్కొక్కరు ఒక్కో సంవత్సరం చెబుతున్నారు, అది ఎట్ల తేల్చుకోవాలి? క్యాబిన్‌లో ఉన్నవాటిలో ఏది ఉంచుకోవాలి? తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.

కడప ఇంజినీరు:

నేను కడపలో సివిల్ పనులు చేస్తా. సినిమా హాళ్లను ఫంక్షన్ హాళ్లుగా మార్చిన పనులు నా చేతుల మీదుగా జరిగినాయి. మా ఊర్లో అప్సర సర్కిల్ అనే కూడలికి ఆ పేరు హాలు నుంచి వచ్చిందే. కాబట్టి ఊరికి హాలంటే ఏమో నాకు తెలుసు. కానీ మీరు అడిగింది కట్టడం సంగతి కూడా, అందుకని అదే చెబుతా.

హాలు మండపానికి పనికొస్తుందని అందరూ అనడానికి కారణం ఉంది. మధ్యలో ఒక్క స్తంభం ఉండదు, తలుపులు వెడల్పు, బయట బండ్లు పెట్టుకునే జాగా ఉంటుంది. చిక్కంతా నేల దగ్గర. తెర వైపుకు వాలు ఉంటుంది కదా, దాన్ని చదును చేయడానికి మేస్త్రీలు ట్రాక్టర్ల కొద్దీ మట్టి తోలించి పైన బేతంచెర్ల బండలు పరుస్తారు. ఆ మట్టి పక్క గోడల్ని బయటికి తోస్తుంది. సున్నం గచ్చుతో కట్టిన రాతి గోడ పైనుంచి వచ్చే బరువును ఎంతైనా మోస్తుంది గానీ పక్కనుంచి వచ్చే తోపుడుకు తట్టుకోలేదు. వానాకాలంలో నీళ్లు దిగితే ఆ తోపుడు ఇంకా పెరుగుతుంది. వాలును అట్లే వదిలి, దాని మీద చిన్న చిన్న ఇటుక గోడలు లేపి స్లాబు వేసుకోవడం మంచిది. కింద ఖాళీలో వైర్లు, పైపులు పోతాయి.

ఇంకొకటి. గోడలకు లోపల కొట్టిన కొబ్బరి పీచు బోర్డులు, చిల్లుల అట్టలు పాతబడినాయని కాంట్రాక్టర్ మొదటి రోజే పీకేస్తాడు. అవి అలంకారానికి పెట్టినవి కావు, శబ్దాన్ని మింగడానికి పెట్టినవి. అవి పోయి బోడి గోడలకు రంగు పూస్తే తాళి కట్టేటప్పుడు గట్టిమేళం నాలుగు దిక్కుల నుంచి తిరిగొచ్చి పంతులు మంత్రం పంతులుకే వినపడదు. పీకితే వాటి స్థానంలో వేరేవి పెట్టాల్సిందే.

పై రేకులు ఆ కాలం నాటివైతే ఆస్‌బెస్టాస్ కలిసిన సిమెంటువి. సుత్తితో పగలగొట్టించొద్దు, పొడిగా కోయించొద్దు. తడుపుతూ, బోల్టులు విప్పి, ముక్క కాకుండా దించాల. పనివాళ్లకు మాస్కు లేకుండా పైకి ఎక్కనీయొద్దు. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే జబ్బు ఎన్నో ఏళ్లకు గానీ బయటపడదు.

పత్తి గోడౌను అనే మాట మీద నాకు భయం ఉంది. పాత వైరింగు మొత్తం తీసేయకుండా అందులో పత్తి పెట్టడం ఒప్పుకోవద్దు. పత్తికి నిప్పు అంటుకుంటే పైన ఆరినట్లే ఉండి లోపల రాజుకుంటూనే ఉంటుంది. బాడుగ ఎంతొస్తుందని కాదు, బీమా వాళ్లు ఆ కట్టడాన్ని చూసి ఏమంటారో ముందు అడగండి.

గుంతకల్లు ఆపరేటర్:

పాపా, ముందు ఆ పాత సామాన్లాయనను గేటు బయటే ఆపు. మిగతాది నిదానంగా మాట్లాడుకుందాం.

నాది గుంతకల్లు. మీసాలు రాని వయసులో రీళ్లు చుట్టే పిల్లోడిగా క్యాబిన్‌లోకి పోయి, తర్వాత ఆపరేటర్ లైసెన్సు తెచ్చుకొని, గుంతకల్లులో, రాయదుర్గంలో, మీ ఆదోనిలో కూడా పనిచేసినా. హార్డ్ డిస్కులు వచ్చి రీళ్లు పోయేదాకా నా బతుకు ఆ గదిలోనే.

డబ్బాలో పులుపు వాసన అంటే అది అసిటేట్ ఫిల్ము. వేడికి, చెమ్మకు లోపలి ఆమ్లం బయటికొచ్చి అట్ల వాసనేస్తుంది. ఒక డబ్బాలో మొదలైతే పక్కదానికి కూడా పాకుతుంది. వాసనొచ్చేవి ఒక గదిలో, రానివి ఇంకో గదిలో గాలి ఆడేటట్ల పెట్టు. ఏదన్నా రీలు జిగటగా అతుక్కొనో, గోధుమరంగు పొడిగా రాలుతానో కనపడితే మాత్రం ముట్టుకోవద్దు, ఆ దగ్గర బీడీ కాల్చనీయొద్దు. 1950ల మొదటి వరకు వాడిన నైట్రేట్ ఫిల్ము అయ్యుండొచ్చు. అది అంటుకుంటే నీళ్లలో ముంచినా ఆరదు. మా క్యాబిన్‌కు ఇనుప తలుపు, అద్దాల కంతలకు పైనుంచి దబ్బున పడే రేకు మూతలు, మూలన ఇసుక బక్కెట్లు ఊరికే పెట్టలేదు. చట్టం పెట్టించింది. ఫిల్ము కాలి జనం చచ్చిన కాలం చూసి రాసిన నిబంధనలవి.

పుణెలో 1964 నుంచి జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ ఉంది. డబ్బాల మీది పేర్లు, రీలు నంబర్లు ఫొటోలు తీసి వాళ్లకు రాయి. మన పాత సినిమాలు శానా పోయినాయి. తూకానికి కొన్నవాళ్లు నలుపు తెలుపు ఫిల్ములో ఉండే వెండి కోసం వాటిని కరిగించుకున్నారు. నీ డబ్బాల్లో ఏముందో చూడకుండా వదలొద్దు.

ప్రొజెక్టర్లు రెండుండేది ఎందుకంటే, ఫిల్ము నిమిషానికి తొంభై అడుగులు పోతుంది. రెండు వేల అడుగుల రీలు ఇరవై రెండు నిమిషాలు. రెండున్నర గంటల బొమ్మ అంటే పదమూడున్నర వేల అడుగులు. రీలు అయిపోవస్తే తెర కుడి పై మూలన చిన్న చుక్క పడుతుంది. దానికి రెండో మిషను మోటారు వేయాల. ఏడు సెకన్లకు ఇంకో చుక్క. అప్పుడు దీని మూత వేసి దాని మూత తీయాల. కింద నేల క్లాసులో కూర్చున్నోడికి తెలియకూడదు, ఫైటింగు మధ్యలో అయినా సరే.

అన్నిటికన్నా కష్టమైంది లూపు. గేటు దగ్గర ఫిల్ము సెకనుకు ఇరవై నాలుగుసార్లు ఆగి కదులుతుంది. కింద సౌండు దగ్గర అదే ఫిల్ము ఒక్క ఊపున, ఆగకుండా పోవాల. ఈ రెండిటి మధ్యన మేం చేత్తో వదిలే వదులు పేరు లూపు. ఒక బొమ్మకూ దాని మాటకూ ఫిల్ము మీద ఇరవై ఫ్రేముల ఎడం ఉంటుంది. లూపు నాలుగైదు ఫ్రేములు పెద్దదైతే హీరో నోరు ముందు కదిలి మాట తర్వాత వస్తుంది, చిన్నదైతే మాటే ముందు వస్తుంది. రోజుకు నాలుగాటలు, ప్రతి రీలుకూ వేళ్లతో కొలిచి వేసేవాళ్లం. చీకట్లో కూడా వేలికి తెలుస్తుంది. నీ మిషన్ల పక్క తలుపు తెరిచి చూడు, లోపల పళ్ల చక్రాలు, గేటు, కింద సౌండు డ్రమ్ము ఉన్నాయంటే అవి అమ్మేటివి కావు, నలుగురికి చూపించేటివి. వెనక దీపం పెట్టెలో రెండు కడ్డీలు ఎదురెదురుగా పట్టే పట్లు ఉంటే అది కార్బన్ మిషను. కడ్డీల మొనలు తాకించి ఎడం చేస్తే మంట పుడుతుంది. కాలేకొద్దీ ఎడం పెరిగి తెర మసకబారుతుంది. నల్లద్దంలోంచి చూసుకుంటా మర తిప్పి కడ్డీలను దగ్గరికి జరుపుతానే ఉండాల. మే నెలలో ఆ గది ఎట్లుంటుందో ఆదోని దానివి, నీకు చెప్పాల్సిన పని లేదు.

ఇక హాలు కట్టిన సంవత్సరం సంగతి. ఇది ఇక్కడ ఎవరూ చెప్పలేదు కాబట్టి గట్టిగా చెబుతాండా. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం పుట్టి కర్నూలు రాజధాని అయిననాటి దాకా ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు బళ్లారి జిల్లావి. మీ హాలు అంతకు ముందుదైతే మొదటి లైసెన్సు కాగితం మీద మద్రాసు రాష్ట్రం, బళ్లారి జిల్లా అని ఉంటుంది. కర్నూలు కలెక్టరాఫీసులో వెతికి లేదంటే లేదని అనుకోవద్దు. తర్వాతిదైతే 1955 నాటి సినిమా నియంత్రణ చట్టం కింద ఫైలు ఉండాల. ఇంట్లో ఇనుప పెట్టెలో పాత డీసీఆర్ పుస్తకాలు ఉంటే, అంటే రోజువారీ కలెక్షన్ లెక్కలు, వాటి మొదటి పేజీ చూడు.

తెర వెనక ఎంత లోతుందో కూడా కొలువు. పది పన్నెండు అడుగుల అరుగు ఉంటే అది నాటకాలకు కట్టింది. బళ్లారి నాటకాల గడ్డ. ధర్మవరం రామకృష్ణమాచార్యులు, కోలాచలం శ్రీనివాసరావు, మన తాడిపత్రిలో పుట్టిన బళ్లారి రాఘవ అక్కడే వెలిగినారు. ఇటు కడప జిల్లా సురభి ఊర్లో 1885లో పుట్టిన నాటక కంపెనీ పాత ఊళ్లన్నీ తిరిగింది. కాబట్టి సినిమా హాలు అని మనం అనుకునే కట్టడం నాటకం, సినిమా, ఎన్నికల మీటింగు, స్కూలు వార్షికోత్సవం అన్నీ చూసింది. మారడం దానికి కొత్త కాదు. మీ నాయన మండపం అంటే కోపం తెచ్చుకోవద్దు.

అయితే చిన్న ఊరి హాలు ఎందుకు చచ్చిందో అది మాత్రం సరిగ్గా తెలుసుకో. టీవీ అంటారు, సెల్లు అంటారు. టీవీ వచ్చినాక కూడా మేం ఇరవై ఏళ్లు ఆడించినాం. ప్రింటు ఖరీదైంది, అందుకని సీడెడ్, అంటే మన రాయలసీమ ఏరియా మొత్తానికి లెక్కపెట్టి ఇచ్చేవాళ్లు. మొదట కర్నూలు, అనంతపురం, కడప, ప్రొద్దుటూరు. అక్కడ దిగినాక ఆదోని రెండో హాలుకు. ఆ తర్వాత ఎమ్మిగనూరు, ఆలూరు, ఇంకా కిందికి టెంట్లకు. రీళ్ల బాక్సు గుంతకల్లు జంక్షన్లో రైలు దిగుతుందంటే మేం ప్లాట్‌ఫారం మీద కాచుకొని ఉండేవాళ్లం. గీతలు పడి, రీలుకు నాలుగు అతుకులుండి వచ్చినా సరే, మా ఊరికి అదే మొదటాట. ప్రతి హాలుకూ ఒక వంతు ఉండేది. ఆ వంతే దాని కూడు.

డిజిటల్ వచ్చినాక కాపీకి ఖర్చు లేదు. పట్నం, పల్లె అన్నిట్లో ఒకే శుక్రవారం పడుతుంది. మూడు రోజులు నిండుతుంది, రెండు వారాల్లో దిగిపోతుంది. రెండో వంతు అనేదే లేదు. ఎనిమిది వందల కుర్చీలు ఆ మూడు రోజులకే పనికొస్తాయి. నాలుగో రోజు ముప్పై మందికి అంత హాలూ ఫ్యాన్లు తిప్పాల. కాబట్టి పాపా, జనానికి సినిమా మీద ప్రేమ తగ్గి నీ హాలు మూతపడలేదు. ఈ మాట మీ ఇంట్లో పెద్దోళ్లకు చెప్పు.

అనంతపురం బాడుగదారు:

ఆపరేటర్ అన్న చెప్పింది అక్షరాలా నిజం. నేను ఇక్కడ ఒక హాలు లీజుకు నడుపుతున్నాను. 1974లో తెలుగులో మొదటి సినిమాస్కోప్ ‘అల్లూరి సీతారామరాజు’ వచ్చినప్పుడు ఓనర్లు తెర వెడల్పు చేయించి, కొత్త లెన్సు తెచ్చుకొని నిలబడినారు. డీటీఎస్ సౌండు వచ్చినప్పుడూ పెట్టుబడి పెట్టినారు. ఆ ఖర్చులకు ఒక అర్థం ఉండేది, పెట్టింది నాలుగు సినిమాల్లో తిరిగొచ్చేది. ఇప్పటి లెక్క వేరు.

మీరు హాలుగా నడపాలనుకుంటే ఇవి రాసుకోండి. డిజిటల్ ప్రొజెక్షన్ కంపెనీలకు కట్టే వర్చువల్ ప్రింట్ ఫీజు గొడవ మీదే 2018 మార్చిలో దక్షిణాది నిర్మాతలు కొత్త సినిమాలు ఆపేసినారు. ఆ భారం ఎవరిదనే వాదన ఇంకా ఒడవలేదు. హాలు మూసి ఉన్నా కరెంటు ఫిక్సుడు చార్జీలు నడుస్తూనే ఉంటాయి, మీ బిల్లు బకాయి ఎంతుందో చూసుకోండి. 2021 ఏప్రిల్‌లో వచ్చిన జీవో 35 పెట్టిన తక్కువ టికెట్ రేట్లతో చిన్న సెంటర్లు కుదేలైనాయి. రేట్లు పెంచిన 2022 మార్చి జీవో 13తో కొంత ఊపిరి వచ్చింది. 2025 సెప్టెంబరు 22 నుంచి వంద రూపాయల లోపు టికెట్ మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది, ఇది మీలాంటి ఊరి హాలుకు మంచి మాట. ఇంకా ముఖ్యమైనది, సినిమా వాళ్లు హాలుకు ఇంత అని కట్టే బాడుగ పద్ధతా, వసూళ్లలో వాటా ఇచ్చే పర్సంటేజీ పద్ధతా అన్నది. 2025 మేలో మేం హాళ్లు మూస్తామన్నది దీని కోసమే. బాగా వసూలయ్యే మొదటి వారంలో హాలుకు ఏదో ఒకటి మిగలాలంటే పర్సంటేజీ కావాలి.

2021 డిసెంబరు తనిఖీల్లో లైసెన్సు, ఫైరు కాగితాలు సరిగా లేక రాష్ట్రంలో ఎన్నో హాళ్లు మూతపడినాయి. మీ బి-ఫారం, అంటే హాలు నడిపే లైసెన్సు గడువు ఎప్పుడో అయిపోయి ఉంటుంది. ఫైరు, కరెంటు, మున్సిపాలిటీ అన్ని కాగితాలకూ మళ్లీ తిరగాలి. దానికి ఓపిక ఉన్న మనిషి ఇంట్లో ఒకరుండాలి.

నా అభిప్రాయం అడిగితే మొత్తం హాలును సినిమాకు ఇవ్వొద్దు. బాల్కనీని గోడ కట్టి విడదీసి రెండు వందల సీట్ల ఏసీ స్క్రీన్ చేయండి. వాలు అక్కడ ముందే ఉంది, ఆడవాళ్లు పిల్లలతో వచ్చే సీట్లు అవే. కింది భాగం మీ నాన్నగారు అన్నట్లు మండపానికి. రోడ్డు వైపు జాగాలో నాలుగు అంగళ్లు పెడితే మీ అన్నకూ సమాధానం దొరుకుతుంది. పెళ్లి ఉన్న రోజు కింద మేళం, పైన సినిమా కుదరదు, మధ్య స్లాబుకు, గోడకు శబ్దం ఆపే ఖర్చు ఎంతో కడప ఇంజినీరు గారు చెప్పాలి.

కడప ఇంజినీరు:

ఒక్క గోడతో ఆగదు. రెండు గోడలు, మధ్య ఎడం, ఆ ఎడంలో శబ్దాన్ని మింగే రాక్‌వుల్. దానికన్నా ముందు బాల్కనీ దూలాలు అదనపు గోడ బరువు మోస్తాయో లేదో చూడాలి. చూడకుండా నేను ఔననను. పాత ప్లాను కాపీ లైసెన్సు ఫైలులో ఉంటుంది, అది దొరికితే పంపండి.

ఆదోని మనవరాలు:

అందరికీ చేతులెత్తి దండం. నిన్న రాత్రి ఇంట్లో మీ మాటలన్నీ చదివి వినిపించినాను. బాల్కనీ ఆలోచన విని చిన్నాయన కూడా పత్తి మాట పక్కన పెట్టినాడు, లెక్క వేసి చూద్దామన్నాడు. తెర వెనక టేపు పెట్టి కొలిచినాం, పద్నాలుగు అడుగుల అరుగు ఉంది, రెండు పక్కలా మెట్లు కూడా. పెద్దయ్యా, మిషన్ల వెనక కడ్డీల పట్లు ఉన్నాయి. గాజు పలకల మీద దుమ్ము పేరుకుపోయింది, తడి గుడ్డతో తుడవొచ్చా?

గుంతకల్లు ఆపరేటర్:

తడి గుడ్డ వద్దే వద్దు! ఆ రంగు గాజు మీద పైపైన వేసింది, నీళ్లు తగిలితే అంగడి పేరుతో సహా లేచి వస్తుంది. మెత్తని కుంచెతో ఊరికే దులుపు. వెనక తెల్ల కాగితం, దాని వెనక లైటు పెట్టి ఒక్కొక్కదాన్ని సెల్లుతో ఫొటో తీసి నంబరు వేసుకో. విరామంలో ఆ స్లైడ్లు వేసింది మేమే. బట్టల అంగళ్లు, సైకిల్ షాపులు, వైద్యులు, ‘మీ సైకిళ్లకు తాళం వేసుకోండి’ అనేవి, అన్నీ ఉంటాయి. ఆదోని బజారు ఎట్లుండేదో చెప్పే కాగితం ఇంకెక్కడా దొరకదు.

పద్నాలుగు అడుగులంటే నాటకం అరుగే. మండపం చేసినా దాన్ని కొట్టేయొద్దని ఇంజినీరు సారుకు ఇప్పుడే చెప్పిపెట్టు, పెళ్లికొడుకు పెళ్లికూతురు కూర్చునేది అక్కడైతే సరిపోతుంది.

ఆదివారం పొద్దున గుంతకల్లులో రైలెక్కి వస్తా. మిషన్లకు నూనె వేసి చేత్తో తిప్పి చూద్దాం. కరెంటు మాత్రం ఇయ్యొద్దు, దీపానికి కరెంటు అందించే రెక్టిఫయర్ వైర్లు ఎలుకలు కొట్టేసి ఉంటాయి.